గోడలో మిగిలిపోయిన 40 మీటర్ల తీగ: టెలిఫోన్ లైను మీద ఒక ఇంటి రౌటర్ కేసు

ఫిర్యాదులో మూడు భాగాలు ఉన్నాయి. ల్యాండ్‌లైన్ ఫోను మోగినప్పుడల్లా ఇంటర్నెట్ తెగిపోతోంది. ఫోను మోగకపోయినా చీకటి పడ్డాక తరచూ తెగుతోంది. తెగని వేళల్లో కూడా వేగం అంతంత మాత్రమే.

ఇంటి యజమానురాలు పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయురాలు. సాయంత్రాలు వెనుక గదిలో కూర్చుని వీడియోలో పిల్లలకు పాఠాలు చెబుతారు. సమీకరణం సగం రాసేసరికి తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది, పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. అప్పటికే ఆ ఇంట్లో రెండు రౌటర్లు మారాయి. నాలుగు యాంటెనాల మూడోది అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి ఉంది.

"ఇదైనా పని చేస్తుందా బాబూ?" అని అడిగారు.

"ముందు లైను చూద్దాం టీచర్ గారూ. దీని సంగతి తర్వాత" అన్నాను.

టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ అమర్చమంటే చాలామంది నేరుగా రౌటర్ సెట్టింగుల పేజీ తెరుస్తారు. లైను ఇంట్లోకి అడుగుపెట్టే చోట దాన్ని కొలవకుండా ఆ పేజీ తెరిస్తే, కనిపించే అంకెల్లో లైను లోపం ఎంత, ఇంటి వైరింగు లోపం ఎంత అనేది ఎప్పటికీ తేలదు. ఈ ఇంట్లో రెండుసార్లు జరిగింది అదే. పైగా ఇక్కడ లోపాలు మూడు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ఏ ఒక్కటి సరిచేసినా మిగతా రెండూ ఇబ్బంది పెడుతూనే ఉంటాయి కాబట్టి, చేసిన పని ఫలించిందని ఎవరికీ తెలియదు.

రెండు రాగి తీగల మీద నడిచేది

టెలిఫోన్ లైనులో మాట 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే వాడుకుంటుంది. ఆ పైన ఉన్న ఖాళీని ఏడీఎస్‌ఎల్, అంటే టెలిఫోన్ తీగ మీదే ఇంటర్నెట్ నడిపే పద్ధతి, వాడుకుంటుంది. సుమారు 26 నుంచి 138 కిలోహెర్ట్జ్ వరకు ఇంటి నుంచి బయటికి వెళ్లే డేటా, అక్కడి నుంచి 1,104 కిలోహెర్ట్జ్ వరకు ఇంట్లోకి వచ్చే డేటా. 2003 నాటి ఏడీఎస్‌ఎల్2ప్లస్, అంటే అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జీ.992.5 ప్రమాణం, ఈ పై హద్దును 2,208 కిలోహెర్ట్జ్‌కు పెంచింది. ఈ పట్టీనంతా ఒక్కొక్కటి 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న 512 భాగాలుగా కోస్తారు. వాటిని టోన్లు అంటాం. ప్రతి టోనులో సంకేతం రొద కంటే ఎంత పైన ఉందో మోడెమ్, అంటే లైను సంకేతాన్ని డేటాగా మార్చే పరికరం, కొలుచుకుని, దాని మీద విడతకు గరిష్ఠంగా 15 బిట్లు మోపుతుంది. అలాంటి విడతలు సెకనుకు 4,000. మోడెమ్, ఎక్స్చేంజి పరికరం కలిసి కుదుర్చుకున్న వేగాన్ని సింక్ వేగం అంటారు. రౌటర్ పేజీలో కనిపించే ఆ అంకె ఈ టోన్లన్నిటి మొత్తమే.

రాకకు ఎక్కువ చోటు, పోకకు తక్కువ చోటు ఇవ్వడం వెనుక గట్టి కారణం ఉంది. ఎక్స్చేంజి దగ్గర వందల జతల తీగలు ఒకే కేబుల్‌లో ఒత్తుకుని ఉంటాయి. ఇళ్ల నుంచి వచ్చే సంకేతాలు అక్కడికి చేరేసరికి బాగా నీరసించి ఉంటాయి. పక్క జతల్లోకి అక్కడి నుంచే బయలుదేరే బలమైన సంకేతాలు వాటిని ముంచేస్తాయి. రెండు వైపులా సమానంగా పంచే కంటే ఒక వైపుకే ఎక్కువ ఇస్తే మొత్తం లాభం పెరుగుతుందని 1980ల చివర అమెరికా టెలిఫోన్ కంపెనీల పరిశోధన సంస్థ బెల్‌కోర్‌లో జోసెఫ్ లెక్‌లైడర్ గుర్తించారు. వీడియో పాఠం చెప్పేవారికి మాత్రం ఈ తక్కువ వైపే ప్రాణం. ఆ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

దూరం పెరిగే కొద్దీ సంకేతం క్షీణిస్తుంది. సాధారణ టెలిఫోన్ కేబుల్‌కు కిలోమీటరుకు 14 డెసిబెల్స్ చొప్పున వేసుకుంటే అంచనా పెద్దగా తప్పదు. ఎక్కువ పౌనఃపున్యం ఉన్న టోన్లు ముందుగా చచ్చిపోతాయి.

మొదటి అంకెలు

వెనుక గదిలో ఉన్న పాత మోడెమ్ రౌటర్ లోపలి పేజీలో సింక్ వేగం ఇలా ఉంది: రాక 5,184 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), పోక 640. క్షీణత 36 డెసిబెల్స్. రొదకు, సంకేతానికి మధ్య మిగిలిన భద్రపు అంతరం, అంటే ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, 8.8 డెసిబెల్స్ దగ్గర ఊగిసలాడుతోంది. సీఆర్‌సీ లోపాల లెక్క, అంటే దారిలో చెడిపోయిన డేటా ముక్కల లెక్క, పెరుగుతూనే ఉంది. చివరిసారి లైను తెగి గంట కూడా కాలేదు.

తర్వాత అదే మోడెమ్‌ను, అదే తీగను పట్టుకుని వీధి గోడ దగ్గరికి వెళ్లాను. లైను బయటి నుంచి వచ్చే మొదటి పెట్టె అక్కడ ఉంది. మూత తీసి, ఇంట్లోకి వెళ్లే తీగలన్నిటినీ విప్పి పక్కకు పెట్టి, బయటి జతకు మోడెమ్‌ను నేరుగా తగిలించాను. ఇది చేసేవారికి ఒక హెచ్చరిక. టెలిఫోన్ లైనులో మామూలుగా 48 వోల్ట్ల డీసీ ఉంటుంది. ఫోను మోగేటప్పుడు దానిమీద పదుల వోల్ట్ల ఏసీ వచ్చి పడుతుంది. ఒట్టి చేత్తో రాగిని పట్టుకోవద్దు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఆ పెట్టె అసలు తెరవొద్దు.

అక్కడ వచ్చిన సింక్: రాక 9,408, పోక 1,016, క్షీణత 31 డెసిబెల్స్, మార్జిన్ 9.1. పరికరం మారలేదు, బయటి లైను మారలేదు. వేగంలో దాదాపు సగం ఇంటి గోడల మధ్యే పోతోందని దీంతో ఖాయమైంది. 31 డెసిబెల్స్ అంటే ఎక్స్చేంజి సుమారు 2.2 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆ దూరానికి 11 మెగాబిట్లకు అటూ ఇటూగా రావాలి. ఇంకా ఏదో లోటు ఉంది, దాని కారణం మార్జిన్ అంకెలోనే ఉంది. దాన్ని కాసేపు అలా ఉంచి ఇంటి లోపలి సంగతి చూశాను.

టోన్ల గ్రాఫులో లోయ

నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైన ఆధారం ఇచ్చింది ఏ టోను మీద ఎన్ని బిట్లు మోస్తోందో చూపే గ్రాఫు. కొన్ని మోడెమ్‌లు దాన్ని తమ పేజీలోనే గీసి చూపిస్తాయి. కొన్నింటి నుంచి అంకెలు మాత్రమే తీసుకుని మనమే గీసుకోవాలి. ఎవరూ పట్టించుకోని పేజీ అది. ఒకసారి చదవడం అలవాటైతే గోడ పగలగొట్టకుండానే లోపల ఏముందో చెబుతుంది.

మొదటి పెట్టె దగ్గర గ్రాఫు ఎడమ నుంచి కుడికి నునుపుగా దిగింది. దూరం వల్ల పై టోన్లు తగ్గడం సహజమే. వెనుక గదిలో మాత్రం అదే గీత మధ్యలో ఒక్కసారిగా కూలి, మళ్లీ లేచింది. ఆ లోయ అడుగు సుమారు 290వ టోను దగ్గర ఉంది.

290ని 4.3125తో గుణిస్తే 1,250 కిలోహెర్ట్జ్. ఒక ఇరుకు ప్రాంతంలో మాత్రమే ఇలా కూలిందంటే ముందుగా అనుమానించాల్సింది చివర ఏమీ తగిలించకుండా వదిలేసిన శాఖ తీగను. ప్రధాన తీగలోంచి చీలిన శాఖలోకి కొంత సంకేతం వెళ్తుంది, అక్కడ చివర తగిలి వెనక్కి వస్తుంది. శాఖ పొడవు ఆ తరంగపు పొడవులో సరిగ్గా నాలుగో వంతు ఉంటే, తిరిగి వచ్చిన తరంగం అసలు తరంగానికి సరిగ్గా ఎదురు తిరిగి దాన్ని చెరిపేస్తుంది. రాగి జతలో సంకేతం కాంతి వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో, అంటే సెకనుకు సుమారు 20 కోట్ల మీటర్ల చొప్పున పోతుంది. దాన్ని 12.5 లక్షలతో భాగిస్తే తరంగం పొడవు 160 మీటర్లు. అందులో నాలుగో వంతు 40 మీటర్లు.

ఆ ఇంట్లో కనిపించే సాకెట్లు మూడు. హాలులోది మొదటి పెట్టెకు పక్కనే ఉంది. పడక గది తీగ 12 మీటర్లకు మించదు. వెనుక గది తీగ 18 మీటర్లు, కానీ మోడెమ్ దాని చివరే ఉంది కాబట్టి అది శాఖ కిందికి రాదు. పడక గది శాఖ వల్ల పడే లోయ 4 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది, ఏడీఎస్‌ఎల్2ప్లస్‌కు అది అసలు కనిపించదు. అంటే కళ్ల ముందున్న తీగల్లో ఏదీ దోషి కాదు. 40 మీటర్ల తీగ ఇంకొకటి ఎక్కడో ఉండాలి.

టీచర్ గారిని అడిగితే మొదట లేదన్నారు. పై అంతస్తులో ఎప్పుడైనా ఫోను ఉండేదా అని అడిగాక గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట పైగది అద్దెకు ఇచ్చినప్పుడు అక్కడికి ఒక ఎక్స్‌టెన్షన్ లాగారు. అద్దెవారు వెళ్లాక ఫోను తీసేశారు. గోడలకు రంగు వేయించినప్పుడు సాకెట్టు మీద కూడా పూత పూసేశారు. తీగ మాత్రం ఇంటి చుట్టూ తిరిగి, మెట్ల గోడ ఎక్కి, పూత వెనుకే ఉండిపోయింది. హాలు సాకెట్టు విప్పి చూస్తే ఒకే మరకు రెండు జతలు మెలిపెట్టి బిగించి ఉన్నాయి. రెండోది విప్పగానే 290 దగ్గరి లోయ పూడుకుపోయింది. గోడ వెంట కొలిస్తే దాని పొడవు 40 మీటర్లకు ఇటూ అటుగా తేలింది.

లెక్కల టీచర్ కాబట్టి ఆవిడ ఆ గ్రాఫును నా చేతిలోంచి తీసుకుని, భాగహారం తనే మళ్లీ చేసి చూసుకున్నారు.

ఇలాంటి తీగ ఫోనుకు ఏ ఇబ్బందీ కలిగించదు. అందుకే ఏళ్ల తరబడి దొరకదు. మల్టీమీటరు పెట్టినా ఏమీ చూపదు, ఎందుకంటే డీసీకి అది చివర తెగిన దారి మాత్రమే. 1.25 మెగాహెర్ట్జ్ దగ్గర అదే తీగ, చీలిన చోట రెండు రాగి తీగలను కలిపేసినట్టు ప్రవర్తిస్తుంది. ఫోను బాగుంది కాబట్టి లైను బాగుంది అని తేల్చేసేవారిని నేను చాలామందిని చూశాను. ఫోను పరీక్షించేది కింది 4 కిలోహెర్ట్జ్‌ను మాత్రమే.

ఫోను మోగితే తెగడం

ఇది తేలిక. హాలులో ఫోనుకు ఫిల్టర్ ఉంది. పడక గది ఫోనుకు లేదు. ఫిల్టర్ పని కింది పౌనఃపున్యాలను మాత్రమే ఫోనుకు పంపడం. అది లేకపోతే ఫోను లోపలి సర్క్యూటు నేరుగా ఏడీఎస్‌ఎల్ సంకేతానికి అడ్డంగా పడుతుంది. గంట మోగినప్పుడు, రిసీవరు ఎత్తినప్పుడు ఆ సర్క్యూటు లక్షణాలు ఒక్కసారిగా మారిపోతాయి. లైను మొదట సింక్ అయినప్పుడు వేసుకున్న లెక్కలు అప్పుడు చెల్లవు. మార్జిన్ ఒక్క ఉదుటున 3 డెసిబెల్స్‌కు పడి, లోపాలు వరదలా వచ్చి, మోడెమ్ మళ్లీ మొదటి నుంచి సింక్ మొదలుపెడుతుంది.

ఒక్కో ఫోనుకు ఒక్కో ఫిల్టర్ పెట్టడం కంటే మొదటి పెట్టె దగ్గరే ఒక స్ప్లిటర్ పెట్టడం ఎంతో మేలు. అక్కడే లైను రెండుగా చీలుతుంది. ఫోను వైపు వడగట్టినది, మోడెమ్ వైపు వడగట్టనిది. ఆ తర్వాత ఇంట్లో ఎన్ని ఫోన్లు ఉన్నా, ఎన్ని శాఖలు ఉన్నా అవన్నీ ఫిల్టర్ వెనుకే ఉంటాయి. ఇంటర్నెట్‌కు వాటితో సంబంధం తెగిపోతుంది. ఇక్కడ అదే చేశాను. మోడెమ్‌ను కూడా వెనుక గది నుంచి తీసి మొదటి పెట్టె పక్కకు మార్చాను.

ఇదంతా చేశాక కూడా ఫోను మోగినప్పుడు లైను తెగితే, ఇంటి తీగలన్నీ విప్పి, మొదటి పెట్టె దగ్గర ఫిల్టర్‌తో ఒకే ఒక్క ఫోను పెట్టి మోగించి చూడాలి. అప్పుడూ తెగితే లోపం బయటి జాయింటులో ఉంది, సర్వీసు ఇచ్చే కంపెనీయే రావాలి. ఈ ఇంట్లో అంత దూరం పోలేదు.

చీకటి పడ్డాక

స్ప్లిటర్ పెట్టాక పగలంతా లైను కదలకుండా ఉంది. పొద్దు వాలాక సీఆర్‌సీ లోపాల లెక్క మళ్లీ పరుగెత్తింది. లోపాలు మెల్లగా పెరగలేదు. ఒక నిమిషం ఏమీ లేదు, మరుసటి నిమిషం వందల్లో ఉన్నాయి. దూరపు రేడియో స్టేషన్ల వల్ల రాత్రి రొద పెరిగితే అది మెల్లగా పెరుగుతుంది. ఇలా స్విచ్ వేసినట్టు మొదలైందంటే, ఎక్కడో నిజంగానే ఒక స్విచ్ పడి ఉంటుంది.

దీన్ని వెతకడానికి మీడియం వేవ్ ఉన్న చిన్న బ్యాటరీ రేడియో చాలు. మీడియం వేవ్ సుమారు 530 నుంచి 1,600 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది, అది మొత్తం ఏడీఎస్‌ఎల్2ప్లస్ పట్టీ లోపలే. మోడెమ్‌ను వేధించే రొదను ఆ రేడియో చెవికి వినిపిస్తుంది. ఏ స్టేషనూ లేని చోట ట్యూన్ చేసి ఇల్లంతా తిరిగాను. వరండాలోకి వచ్చేసరికి రేడియో గట్టిగా జుమ్మంది. చీకటి పడగానే తనంతట తానే వెలిగే ఎల్‌ఈడీ దీపం, దాని లోపలి డ్రైవరు సర్క్యూటు. దీపం ఆర్పితే రేడియో మౌనం, లోపాల లెక్క కూడా అక్కడికక్కడే ఆగింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ మొదలు.

దీపం మార్చడం ఒక్కటే సరిపోయేది. కానీ ఆ రొద తీగలోకి అంత సులువుగా చొరబడడానికి ఇంకో కారణం ఉంది. బయటి లైను దిగే చోటు నుంచి మొదటి పెట్టె దాకా వరండా పైకప్పు వెంట మెలిక లేని బల్లపరుపు తీగ వేసి ఉంది. రెండు తీగలను మెలిపెడితే బయటి రొద రెండింటిలోనూ సమానంగా పడి, వాటి తేడాలో రద్దవుతుంది. గ్రాహం బెల్ మెలితిప్పిన జతకు 1881లోనే పేటెంటు తీసుకున్నారు. ఇంత పాత విద్యను ఇంటి వైరింగులో పక్కన పెట్టేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ బల్లపరుపు తీగను కంపెనీ మనిషితో మెలితిప్పిన జతగా మార్పించాం. దీపమూ మారింది.

నాలుగు యాంటెనాల రౌటర్

ఇప్పుడు ఆ కొత్త రౌటర్ దగ్గరికి. దాని వెనుక టెలిఫోన్ లైను పెట్టే పోర్టు లేదు. ఉన్నది ఈథర్నెట్ పోర్టులు మాత్రమే. టెలిఫోన్ ప్లగ్గు చిన్నది కాబట్టి ఈథర్నెట్ రంధ్రంలో కూడా చక్కగా కూర్చుంటుంది, క్లిక్ అని కూడా అంటుంది. అందుకే ఈ పొరపాటు ఇంత మామూలు. కొనేముందు పెట్టె మీద ఏడీఎస్‌ఎల్ లేదా దాని తర్వాతి తరం వీడీఎస్‌ఎల్ మోడెమ్ అని ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఆ పరికరం ఒంటరిగా టెలిఫోన్ లైనుతో మాట్లాడలేదు.

దాన్ని వెనక్కి పంపమని చెప్పలేదు. పాత మోడెమ్ లైనుతో సింక్ అయ్యే పని బాగానే చేస్తోంది, బలహీనంగా ఉన్నది దాని వైఫై. రెండింటికీ పని పంచాను. పాతదాన్ని బ్రిడ్జి మోడ్‌లో పెట్టాను, అంటే అది లైను సంకేతాన్ని ఈథర్నెట్‌గా మార్చి ఇచ్చి ఊరుకుంటుంది. లాగిన్, చిరునామాలు పంచడం, ఫైర్‌వాల్, వైఫై అన్నీ కొత్తదానివి. రెండూ రౌటర్లుగానే ఉంటే చిరునామా మార్పిడి రెండుసార్లు జరిగి, వీడియో కాల్స్ వంటి వాటికి చిక్కులు వస్తాయి.

బ్రిడ్జిలో పెట్టేటప్పుడు నింపాల్సినవి తక్కువ. వీపీఐ, వీసీఐ అనే జత అంకెలు లైను మీద కంపెనీ వాడే దారిని గుర్తిస్తాయి, కంపెనీని బట్టి మారతాయి. 0/35, 8/35, 0/38 వంటివి తరచూ కనిపిస్తాయి. ఊహించకుండా కంపెనీని అడగడమే మంచిది. ఎన్‌క్యాప్సులేషన్, అంటే డేటాను చుట్టి పంపే తీరు, ఇక్కడ ఎల్‌ఎల్‌సీ. మోడెమ్‌లో డీహెచ్‌సీపీని, అంటే ఇంటి పరికరాలకు చిరునామాలు పంచే పనిని, ఆపేశాను. రెండు పరికరాలూ 192.168.1.1 అనే చిరునామాతోనే వచ్చాయి కాబట్టి కొత్తదాన్ని 192.168.2.1కి మార్చాను. ఇది మరిచిపోతే ఏ పేజీ తెరుచుకుంటోందో తెలియక గంటలు పోతాయి.

కొత్త రౌటర్‌లో కనెక్షన్ రకం పీపీపీఓఈ, అంటే పేరు, పాస్‌వర్డ్‌తో కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి. కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ వేయగానే కనెక్ట్ కాలేదు. ఇక్కడ చాలామంది కంగారుపడి అన్నీ మార్చడం మొదలుపెడతారు. లాగ్ చదివితే దారి దొరుకుతుంది. రౌటర్ పిలిచినా అవతలి నుంచి జవాబే రాకపోతే వీపీఐ, వీసీఐ అంకెలో, బ్రిడ్జో తప్పు. జవాబు వచ్చి, ధ్రువీకరణ విఫలమైందని ఉంటే పేరో, పాస్‌వర్డో తప్పు. ఇక్కడ ఈ రెండూ కావు. జవాబు వచ్చింది, ధ్రువీకరణ జరిగింది, వెంటనే అవతలి వైపు తెంపేసింది. పాత మోడెమ్ అంతకుముందు తెరిచిన సెషన్ అవతలి వైపు ఇంకా మూయలేదు. ఒక పేరుకు ఒక సెషనే అనుమతించే చోట ఇది జరుగుతుంది. పావుగంట ఏమీ ముట్టుకోకుండా ఆగితే దానంతట అదే కలిసింది.

డీఎస్‌ఎల్ దీపం, ఇంటర్నెట్ దీపం వేరు వేరు సంగతులు చెబుతాయని టీచర్ గారికి అప్పుడే చూపించాను. మొదటిది తీగ గురించి, రెండోది లాగిన్ గురించి. మొదటిది ఆరిపోతే పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు. మొదటిది నిలకడగా ఉండి రెండోది వెలగకపోతే తీగలు పీకి లాభం లేదు.

కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుని, కొన్ని సగంలో ఆగిపోయాయి. ఒక్కో ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం, అంటే ఎంటీయూ, సరిగ్గా లేనప్పటి లక్షణం ఇది. ఈథర్నెట్ ప్యాకెట్టు 1,500 బైట్లు మోస్తుంది, అందులో పీపీపీఓఈ తన శీర్షికలకు 8 బైట్లు తీసుకుంటుంది. ఎంటీయూ 1,492 అని పెట్టి, ఎంఎస్‌ఎస్ సవరణను, అంటే ఒక్కో ప్యాకెట్టులోని సరుకును దానికి తగ్గట్టు కుదించే సౌకర్యాన్ని, ఆన్ చేస్తే ఆ సైట్లు తెరుచుకున్నాయి.

మొదటి పెట్టె నుంచి వెనుక గదికి టెలిఫోన్ తీగ బదులు ఈథర్నెట్ కేబుల్ లాగాం. ఈథర్నెట్‌కు 100 మీటర్ల దాకా దూరం లెక్కలోకి రాదు. కొత్త రౌటర్ పాఠాలు చెప్పే గదిలోనే కూర్చుంది, కంప్యూటర్ కేబుల్‌తోనే దానికి తగిలింది. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్‌ను 1, 6, 11 చానళ్లలో తక్కువ రద్దీ ఉన్నదానికి మార్చాను. భద్రత డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌తో. బటన్ నొక్కో, పిన్ వేసో వైఫైలో చేరే డబ్ల్యూపీఎస్ ఆఫ్. అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది. బయటి నుంచి రౌటర్‌ను నడిపే సౌకర్యం ఆఫ్. 2016 నవంబరులో జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్ల రౌటర్లు ఒక్కసారిగా కుప్పకూలింది బయటికి తెరిచి ఉన్న అలాంటి నిర్వహణ పోర్టు మీద జరిగిన దాడి వల్లే.

పాఠం మధ్యలో బొమ్మ ఎందుకు ఆగేది

లైను కుదుటపడ్డాక కూడా ఒక ఫిర్యాదు మిగిలింది. అప్పుడప్పుడు మాట తెగుతోంది. పరిశీలిస్తే ఆ సమయాల్లో ఇంట్లో ఎవరిదో ఫోను ఫొటోలను దాచుకునే సర్వీసుకు పంపుతోంది. పోకకు ఉన్నది ఒక్క మెగాబిట్టు. ఫొటోలు దాన్ని నింపేస్తే మోడెమ్ లోపల వరుస పెరుగుతుంది, పాఠం ప్యాకెట్లు ఆ వరుస చివర నిలబడతాయి. వచ్చే డేటాకు ఇక్కడి నుంచి వెళ్లాల్సిన రసీదులు కూడా అదే వరుసలో ఉంటాయి కాబట్టి డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. వేగ పరీక్ష ఒంటరిగా చేసినప్పుడు ఇదేదీ కనిపించదు.

కొత్త రౌటర్‌లో వరుసను సర్దే సౌకర్యం ఉంది. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చిన ఎఫ్‌క్యూ కోడెల్ పద్ధతి అది. పోక వేగాన్ని 800 కేబీపీఎస్‌కు పరిమితం చేశాను, అంటే మోడెమ్ నిజంగా పంపగలిగేదానికంటే కొంచెం తక్కువ. అప్పుడు వరుస మోడెమ్ లోపల పెరగదు, రౌటర్ దగ్గర ఏర్పడుతుంది. రౌటర్ దాన్ని న్యాయంగా పంచుతుంది. ఫొటోలు వెళ్తూనే ఉన్నాయి, పాఠం నడుస్తూనే ఉంది. నా దృష్టిలో ఆ ఖరీదైన రౌటర్ తన డబ్బులకు న్యాయం చేసింది యాంటెనాలతో కాదు, ఈ ఒక్క సెట్టింగుతో.

మిగిలిన లోటు

మొదటి పెట్టె దగ్గర మార్జిన్ 9 ఉందని చెప్పాను. మామూలుగా లైను 6 డెసిబెల్స్ లక్ష్యంతో సింక్ అవుతుంది. లైను పదే పదే తెగితే కంపెనీ వైపు పరికరం ఆ లక్ష్యాన్ని పెంచి, వేగం తగ్గించి, నిలకడ కొనుక్కుంటుంది. 3 డెసిబెల్స్‌కు దాదాపు టోనుకు ఒక బిట్టు. పని చేసే టోన్లు ఇక్కడ 440 వరకు ఉన్నాయి. 440ని 4,000తో గుణిస్తే సెకనుకు 1,760 కిలోబిట్లు. దారి తప్పిన వేగం అదే.

ఇది సెట్టింగుతో తిరిగి వచ్చేది కాదు. లైను తెగకుండా ఉండాలి, మధ్యలో ఎవరూ రౌటర్‌ను ఆపి ఆన్ చేయకూడదు. మోడెమ్ స్విచ్ తీసి వేసినప్పుడల్లా అవతలి పరికరం దాన్ని ఇంకో తెగుదలగా లెక్కపెట్టవచ్చు. నెమ్మదించిన ప్రతిసారీ రీస్టార్ట్ చేసే అలవాటు ఈ ఇంట్లో బలంగా ఉండేది. అది మానమని ఇంటిల్లిపాదికీ చెప్పాను. కొన్ని వారాల తర్వాత కంపెనీకి ఫోను చేసి లైను ప్రొఫైలును మళ్లీ 6కు మార్చమని అడిగాం. మార్చాక సింక్ 11,200 దగ్గర నిలిచింది, మార్జిన్ 6.2.

వేగ పరీక్షలో మాత్రం 9.4 మెగాబిట్లే వచ్చాయి. టీచర్ గారు మిగతాది ఎక్కడికి పోయిందని అడిగారు. లైను మీద డేటా 53 బైట్ల చిన్న పొట్లాలుగా, అంటే ఏటీఎం సెల్స్‌గా (డబ్బుల ఏటీఎంతో సంబంధం లేదు), వెళ్తుంది, ఒక్కోదానిలో 48 బైట్లే సరుకు. నిండు ప్యాకెట్టులో మనకు చేరే డేటా 1,452 బైట్లు. శీర్షికలన్నీ కలిపి దాన్ని పంపడానికి 32 సెల్స్, అంటే 1,696 బైట్లు పడతాయి. 11,200లో ఆ నిష్పత్తి ప్రకారం చేతికి వచ్చేది 9,590 లోపు. లెక్క కుదిరింది, ఆవిడ తృప్తి పడ్డారు. 2.2 కిలోమీటర్ల రాగి మీద ఇంతకు మించి ఆశించడం తగదని, ఫైబర్ వచ్చినప్పుడు మారమని చెప్పాను.

మొదటి పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అంటించాను. క్షీణత 31, మార్జిన్ 6.2, రాక 11,200, పోక 1,016, తేదీ, స్ప్లిటర్ ఎటు ఏది, పైగది తీగ విప్పి ఉంచిన సంగతి. తర్వాత వచ్చేవారు ముందుగా ఈ అంకెలతో పోల్చుకోవాలి. పైగదిలో మళ్లీ ఎప్పుడైనా ఫోను కావాలంటే ఆ తీగను హాలు సాకెట్టులో తిరిగి బిగించవచ్చు. హాలు సాకెట్టు ఇప్పుడు స్ప్లిటర్ ఫోను వైపు ఉంది కాబట్టి దాని పొడవు ఎంతైనా ఇంటర్నెట్‌కు తగలదు. మోడెమ్ వైపు జతకు మాత్రం మోడెమ్ తప్ప ఇంకేదీ కలపకూడదు.